ఎడమ పక్క మూడు, కుడి పక్క రెండు: సమీకరణం తుల్యం ఎలా అయింది?

ప్రశ్న (ఎనిమిదో తరగతి అమ్మాయి తల్లి):
అందరికీ నమస్కారం. మా పాపకి ఫౌండేషన్ పుస్తకంలో రసాయన సమీకరణాలు మొదలయ్యాయి. నీళ్ల సమీకరణం దగ్గరే ఆగిపోయింది. హెచ్2 + ఓ2 → హెచ్2ఓ తుల్యం చేయమంటే, కుడి పక్క హెచ్2ఓ2 అని రాసేసింది. తప్పని కొట్టేశారు గానీ ఎందుకు తప్పో చెప్పలేదట. సరైన జవాబు 2హెచ్2 + ఓ2 → 2హెచ్2ఓ చూపిస్తే, "ఎడమ పక్క రెండూ ఒకటీ మూడు, కుడి పక్క రెండే, మరి సమానం ఎలా?" అంటోంది. నేను కామర్స్ చదివాను, చెప్పడం రావట్లేదు. ఇంకోటి, గ్లాసులో వంటసోడా మీద వెనిగర్ పోసి తూస్తే బరువు తగ్గింది. రసాయన చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదనే ద్రవ్యనిత్యత్వ నియమం ప్రకారం తగ్గకూడదు కదా? యూనిట్ టెస్ట్ దగ్గర పడింది, ఇద్దరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఫిజికల్ సైన్స్ టీచర్):
అమ్మా, పాప సరైన చోటే పట్టుకుంది. ఆ ప్రశ్న తేలకుండా లెక్కలు బట్టీ పట్టించకండి.

వంటింట్లోంచి పెసలు, శనగలు తీసుకోండి. పెసర గింజ హైడ్రోజన్ పరమాణువు, శనగ గింజ ఆక్సిజన్ పరమాణువు. హెచ్2 అంటే జంటగా రెండు పెసలు, ఓ2 అంటే జంటగా రెండు శనగలు. ఇప్పుడు నీళ్లు చేయమనండి. ఒక శనగకి రెండు పెసలు కావాలి. ఒక నీటి అణువు అవగానే ఒక శనగ మిగిలిపోతుంది. దాన్ని పారేయడానికి లేదు, కాబట్టి ఇంకో పెసల జంట తెచ్చుకోవాలి. అలా మొత్తం రెండు జంటలయ్యాయి, హెచ్2 ముందున్న 2 అదే. రెండో నీటి అణువు కూడా తయారైంది, ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు లెక్కపెట్టమనండి. ముందు మూడు గుంపులు, తర్వాత రెండు గుంపులు. గింజలు మాత్రం ముందూ ఆరే, తర్వాతా ఆరే. అణువుల సంఖ్య మారొచ్చు. ఒక్కో రకం పరమాణువుల సంఖ్య మారకూడదు. బరువులోనూ అంతే: 4 గ్రాముల హైడ్రోజన్, 32 గ్రాముల ఆక్సిజన్ పూర్తిగా కలిస్తే 36 గ్రాముల నీళ్లు.

ఇక హెచ్2ఓ2 సంగతి. లెక్క కుదిరింది గానీ అది నీరు కాదు. మందుల షాపులో పుండ్లు కడగడానికి ఇచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ అది. కింద ఉండే అంకె ఆ పదార్థం ఏమిటో చెబుతుంది, దాన్ని ముట్టుకోకూడదు. మన చేతిలో ఉన్నది ముందు రాసే గుణకం ఒక్కటే. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే, అందుకే ఇంత సాగదీసి చెబుతున్నాను.

జవాబు (కెమిస్ట్రీ లెక్చరర్):
బరువు సంగతి నేను చెబుతాను. సోడా, వెనిగర్ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 84 గ్రాముల సోడాకి 44 గ్రాముల వాయువు, అంటే చెంచాడు సోడాకి (5 గ్రాములు అనుకోండి) 2.6 గ్రాములు. గ్లాసు తెరిచి ఉంటే అది గాల్లోకి పోతుంది, త్రాసు దాన్ని తూయలేదు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లావోయిజర్ 1774లో తగరాన్ని మూసేసిన పాత్రలో వేడిచేసి తూచింది ఇందుకే. పాత్ర మూసి ఉన్నంతసేపూ బరువు మారలేదు.

మీరూ అలాగే చేయండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో 100 మి.లీ. వెనిగర్ పోయండి. చెంచాడు సోడా టిష్యూ పేపర్లో చుట్టండి. సీసా, మూత, పొట్లం అన్నీ కలిపి ముందు తూచండి. పొట్లం లోపల వేసి వెంటనే మూత బిగించండి. నురగ తగ్గాక మళ్లీ తూచండి. గాజు సీసా వాడొద్దు. చిన్న సీసా, ఎక్కువ సోడా అసలే వద్దు, పగిలే ప్రమాదం ఉంది. మూత తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టి నెమ్మదిగా తిప్పండి.

ప్రశ్న అడిగినవారు:
చేశాం సార్! ముందూ తర్వాతా ఒకటే అంకె. మూత తిప్పగానే బుస్సుమంది, మళ్లీ తూస్తే 2 గ్రాములు తగ్గింది. కానీ ఒక వీడియోలో చూసి సీసా మూతికి బెలూన్ తొడిగి చేస్తే, ఎక్కడా లీకు లేకపోయినా గ్రాము తక్కువ చూపించింది. అదెందుకు?

కెమిస్ట్రీ లెక్చరర్:
మంచి పరిశీలన. ద్రవ్యరాశి తగ్గలేదమ్మా. బెలూన్ ఉబ్బినప్పుడు చుట్టూ ఉన్న గాలిని పక్కకి నెడుతుంది, ఆ గాలి దాన్ని కొంచెం పైకి లేపుతుంది. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. బెలూన్ లీటరు మేర ఉబ్బితే త్రాసు అంత తక్కువ చూపిస్తుంది. గట్టి సీసా పెద్దగా ఉబ్బదు కాబట్టి ఆ తేడా రాలేదు. టెస్టులో ఇదంతా అడగరు గానీ పాపకి తప్పకుండా చెప్పండి.

ఫిజికల్ సైన్స్ టీచర్:
ఇక అమ్మోనియా చేయమనండి: ఎన్2 + హెచ్2 → ఎన్‌హెచ్3. నైట్రోజన్‌కి వేరుశనగ గింజలు వాడమనండి. ముందు గింజలతో, తర్వాతే కాగితం మీద. వచ్చిన జవాబు ఇక్కడ పెట్టండి, చూస్తాను.