అప్‌డేట్: బ్యాడ్మింటన్ ఆడితే మోచేతి నొప్పి – కారణం తెలిసింది, మళ్లీ ఆడుతున్నాను

బెంగళూరు మారతహళ్లిలో ఇండోర్ కోర్టులో ఆడి వచ్చాక కుడి మోచేతి బయటివైపు విపరీతమైన నొప్పి, ఆట మానేయాలా, రాకెట్ మార్చాలా అని వేసవిలో ఇక్కడే అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ, ముఖ్యంగా ముందు ఫిజియోకు చూపించమని పట్టుబట్టిన అన్నగారికి ధన్యవాదాలు. ఆ సలహానే పనిచేసింది.

ఫిజియోథెరపిస్ట్ నా చేయి చాపించి, మధ్యవేలు పైకి ఎత్తమని చెప్పి, దాన్ని తన వేలితో కిందికి నొక్కారు. మోచేతి ఎముక దగ్గర చురుక్కుమంది. టెన్నిస్ ఎల్బో అన్నారు. మణికట్టును వెనక్కి వంచే కండరాలు ఎముకకు అతుక్కునే చోట టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) దెబ్బతిందట. స్కాన్ అక్కర్లేదన్నారు.

అసలు మందు వ్యాయామమే. అరచేయి నేలవైపు ఉండేలా ముంజేతిని బల్లపై ఆనించి, చిన్న డంబెల్‌ను ఎడమచేతి సాయంతో పైకి లేపి, కుడిచేత్తో మెల్లమెల్లగా దించాలి. విసుగు పుట్టించే పని, కానీ దయచేసి వదలకండి. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది.

రాకెట్ పాతదే. తీగల బిగువు 28 పౌండ్ల నుంచి 23కు తగ్గించాను. సన్నటి పిడి మీద మరో గ్రిప్ చుట్టాక గట్టిగా బిగించి పట్టుకోవాల్సిన అవసరం పోయింది. మోచేతి పట్టీ కీలు మీద కాదు, దానికి కాస్త కిందగా ముంజేతి కండరం మీద కట్టాలి.

బూట్లు, షటిల్ రకం, ఖరీదైన తేలికపాటి రాకెట్: నా విషయంలో వీటికి సంబంధమే లేదు. స్మాష్‌లు (షటిల్‌ను పైనుంచి బలంగా కిందికి కొట్టే షాట్లు) మాత్రం ఇప్పటికీ తగ్గించే ఆడుతున్నాను.