వాచ్‌మన్ గదికి చలికాలంలో హీటరా, బొగ్గుల కుంపటా?

నిజాంపేట_సెక్రటరీ (డిసెంబర్ 16, రాత్రి 10:20)
మాది 15 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. స్టిల్ట్ పార్కింగ్‌లో ఒక కారు పట్టేంత చోటుకి నాలుగంగుళాల గోడ కట్టి వాచ్‌మన్‌కి గది ఇచ్చాం. పక్కనే నీళ్ల సంపు. అందులో భార్యాభర్తలు, మూడు నెలల పసిబిడ్డ ఉంటారు. ఈ వారం చలి బాగా ముదిరింది. నిన్న రాత్రి మోటారు కట్టేయడానికి కిందికి దిగితే తలుపు సందులోంచి ఎర్రగా వెలుగు కనబడింది. ఆవిడ పగలు మా అందరి బట్టలూ ఇస్త్రీ చేస్తుంది. పెట్టెలో మిగిలిన నిప్పుల్ని ఇనప బాణలిలో పోసి మంచం కింద పెట్టుకుంటున్నారు. వెంటిలేటర్‌ని పాత ఫ్లెక్సీ బ్యానర్‌తో మూసేశారు. హీటర్ కొనిద్దామంటే కమిటీలో ఒకరు బిల్లు గురించి అడుగుతారు, ఇంకొకరు కుంపటే నయమంటారు. ఏది కొనాలో తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లకుంట_నాని
రాడ్ హీటర్ తీసుకోండి అన్నా. చవక. వెంటనే వేడొస్తుంది.

వైరింగ్_మాష్టారు
రాడ్ హీటర్ వద్దు, దయచేసి. గోడకి అవతలంతా బండ్లు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలంటుకుని పాకుతుంది. ఆ రాడ్డేమో నేలకి జానెడు ఎత్తులో ఎర్రగా కాలుతుంటుంది. పైగా పసిబిడ్డ ఉన్న గదిలో దండెం నిండా పొత్తిగుడ్డలు వేలాడుతుంటాయి. రెక్కలుండే ఆయిల్ హీటర్ కొనండి. అందులో నూనె మండదు, మూసిన రెక్కల్లో వేడెక్కి తిరుగుతుంది, అంతే. వేడెక్కడానికి కాస్త టైమ్ పడుతుంది, కట్టేశాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది. కానీ ముందు ప్లగ్గు చూడండి. 2000 వాట్లంటే 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే 6 ఆంపియర్ల ప్లగ్గు మాడిపోతుంది. మీటరు బోర్డు నుంచి వేరే లైను, 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తింగ్ ఉండాల్సిందే.

సైనిక్‌పురి_సత్యం
మాష్టారూ, మా అమ్మ నలుగురిని కంది. ప్రతి పురుటికీ మంచం కింద కుంపటి, సాంబ్రాణి పొగ. మేమెవరం పోలేదు. కరెంటు హీటర్ గదిలో గాలిని తినేస్తుంది. మా మనవడికి దానివల్లే పెదాలు పగిలి ముక్కులోంచి రక్తమొచ్చింది. నిప్పుల వేడి ఒంటికి పడినట్టు ఇంకేదీ పడదు.

వైరింగ్_మాష్టారు
మీ అమ్మగారు పురుడు పోసుకున్నది పెంకుటింట్లో అయి ఉంటుంది. పెంకుల సందుల్లోంచి, వాసాల మధ్య నుంచి గాలి ఆడుతూనే ఉండేది. ఇది పైన కాంక్రీటు స్లాబు, వెంటిలేటర్‌కి బ్యానర్. పొగ పోయి కణకణలాడే నిప్పులే ఎక్కువ ప్రమాదం. గాలి సరిగ్గా అందకపోతే వాటి నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకి మెలకువే రాదు. ఆయిల్ హీటర్ దేన్నీ మండించదు కాబట్టి గాలిని తినడమన్న మాటే లేదు. గాలి వేడెక్కితే తేమ శాతం తగ్గుతుంది, పెదాలు పగిలింది అందుకు.

నల్లకుంట_నాని
800 వాట్ల మీద పెడితే మూడున్నర ఆంపియర్లే కదా. 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు.

వైరింగ్_మాష్టారు
నాబ్ తిప్పడం ఒక్క క్షణం పని. అర్ధరాత్రి చలేస్తే ఎవరైనా 2000కి తిప్పుతారు. ప్లగ్గు 16 ఆంపియర్లదే ఉండాలి.

నల్లకుంట_నాని
మా ఇంట్లో రెండేళ్లుగా 6 దాంట్లోనే నడుస్తోంది.

వైరింగ్_మాష్టారు
ఆ ప్లగ్గు విప్పి లోపల వైరు రంగు చూసి వచ్చి చెప్పండి.

నిజాంపేట_సెక్రటరీ
లెక్క వేశాను. 800 వాట్లు, 8 గంటలు, రోజుకి 6.4 యూనిట్లు. నెలకి 192. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 1,920. ఫ్లాటుకి 128 రూపాయలు.

కూకట్‌పల్లి_102
128 రూపాయలు కాదు సమస్య. మా దగ్గరా ఇలాగే మొదలైంది. ముందు ఫ్యాను, తర్వాత టీవీ, ఆ తర్వాత ఫ్రిజ్. నేను డబ్బు కట్టి కొనుక్కున్న పార్కింగ్‌లోనే వాచ్‌మన్ గది కట్టారు. ఆరేళ్లుగా నా కారు రోడ్డు మీద ఉంటోంది, రెండుసార్లు అద్దం పగలగొట్టారు. అడిగితే పిల్లలున్నారు సార్ అంటారు. మీరు ఆ గదికి వేరే లైను లాగితే అది ఇక ఎప్పటికీ ఖాళీ కాదు. ప్లానులో అది గది కాదు, పార్కింగ్.

సైనిక్‌పురి_సత్యం
పసిపిల్ల చలికి వణుకుతుంటే నీకు కారు గుర్తొచ్చిందా? సిగ్గుండాలి.

కూకట్‌పల్లి_102
నిప్పులు మంచం కింద పెట్టమన్నది మీరు. సిగ్గుపడాల్సింది ఎవరు?

పాలమూరు_బిడ్డ (డిసెంబర్ 17, ఉదయం 6:05)
రాత్రి నుంచి చదువుతున్న. నేను మియాపూర్ల గసుంటి అర్రలనే పెరిగిన. మా నాయిన పదకొండేండ్లు ఆడ వాచ్‌మన్. సంపు మూత మా మంచం కాళ్లకాడనే ఉండె. చలి గాలి నుంచి కాదు, నేల నుంచి వస్తది. పండుకుంటే బొంత కింది పక్క తడితడి అయ్యేది. మా అమ్మ గూడ ఇస్త్రీ నిప్పులే పెట్టేది. ఓ రాత్రి మా తమ్ముడు వాంతి చేసుకున్నడు, నాకు తల పగిలిపోతున్నట్టు నొప్పి. ఎవరో ఫ్లాటాయన లేటుగ వచ్చి గేటు కాడ హారన్ కొట్టిండు. మా నాయిన లేసి, నిలబడలేక తలుపు మీద ఒరిగిండు. తలుపు తెరుసుకున్నది. గందుకే మేం బతికినం.
ఆంపియర్లు లెక్కపెట్టిండ్రు, యూనిట్లు లెక్కపెట్టిండ్రు. ఆ తల్లికి ఏం గావాల్నో ఒక్కలన్న అడిగిండ్రా?

కూకట్‌పల్లి_102
అమ్మా, మీకు జరిగింది చదివితే గుండె బరువెక్కింది. కానీ నేనంటున్నదీ అదే. సంపు పక్కన మనిషిని పడుకోబెట్టడమే తప్పు. పక్క వీధిలో ఒక గది అద్దెకి తీసి ఇవ్వండి, పార్కింగ్ పార్కింగ్‌గా ఉంచండి. హీటర్ పెట్టి ఆ తప్పుని ఖాయం చేయకండి.

సైనిక్‌పురి_సత్యం
అప్పుడు రాత్రి రెండింటికి గేటెవరు తీస్తారు? పొద్దున్నే మోటారెవరు వేస్తారు?

పాలమూరు_బిడ్డ
గదే అసలు ముచ్చట సార్. రాత్రి పిలుస్తే పలకాలంటే అది వాళ్ల ఇల్లు. కరెంటు లైను అడిగితే మాత్రం అది పార్కింగ్. ఇల్లు అనుకుంటే ఇల్లులెక్క చూడుండ్రి. కాదంటే 102 సార్ చెప్పినట్టు బయట అర్ర కిరాయి మీరే కట్టుండ్రి, రాత్రి గేటుకు జీతమిచ్చి ఇంకో మనిషిని పెట్టుకోండ్రి. మీటింగుల ఈ రెండిట్ల ఏదో ఒకటి తేల్చుండ్రి.

సైనిక్‌పురి_సత్యం
పెంకుటింటి మాట మాష్టారు సరిగ్గానే చెప్పారు. మంచం కింద నిప్పులు పెట్టమని ఇక అనను.

నిజాంపేట_సెక్రటరీ (డిసెంబర్ 17, రాత్రి 9:15)
పొద్దున బాణలి బయట పెట్టించాను, ఫ్లెక్సీ తీయించాను. నా భార్య వెళ్లి ఆవిణ్ణి అడిగింది. హీటర్ మాట ఆవిడ ఎత్తనే లేదు. "తలుపు కింద సందు మూయించండి మేడమ్, అర్ధరాత్రి కార్లు వస్తే పొగంతా లోపలికొస్తది, పాప దగ్గుతది" అంది. అంతకాలంగా ఆ సందు పక్కనే నేను బండి పెడుతున్నాను. తలుపుకి కింద రబ్బరు పట్టీ, నేలకి చెక్క పలకలు, వెంటిలేటర్‌కి జాలీ చెప్పాను. ఆయిల్ హీటర్ కొన్నాం, ఆరు ఫ్లాట్లవాళ్లు డబ్బిచ్చారు. ఎలక్ట్రీషియన్ శనివారం వస్తాడు. అంతవరకు తల్లీబిడ్డా మా ఇంట్లో హాల్లో పడుకుంటారు. బయట గది విషయం ఆదివారం మీటింగులో పెడుతున్నాను. నలుగురు ఇప్పటికే వద్దంటున్నారు.

వైరింగ్_మాష్టారు
శనివారం దాకా హీటర్‌ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించొద్దు. లైనుకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు అడగండి, పక్కన నిలబడి ఎర్తింగ్ చూపించుకోండి.