మడమ నొప్పి, పక్కకు ఒరిగిన బొటనవేలు: అమ్మ గిరి ప్రదక్షిణ చేయవచ్చా?

పెదవాల్తేరు అమ్మాయి:
మా అమ్మకు అరవై దాటాయి. చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉంటుందట. కాస్త నడిస్తే సర్దుకుంటుంది. ఎక్స్‌రేలో మడమ ఎముక ముల్లులా పెరిగిందని తేలింది. ఆపరేషన్ చేయిస్తే తప్ప తగ్గదని పక్కింటావిడ అంటున్నారు. కుడి బొటనవేలు పక్క వేలి మీదికి ఒరిగి, దాని మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చింది. అమ్మ జన్మలో బూట్లు వేసుకోలేదు, మరి ఇదెందుకు వచ్చింది? రెండో వేలి కింద అరికాలిలో ఆనెకాయ కూడా ఉంది, మధ్యలో నల్లటి చుక్క. నొప్పి లేదు కాబట్టి మందుల షాపులో దొరికే ఆనెకాయ పట్టీ వేశాం.
ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కుకుంది. చెప్పులు లేకుండా 32 కిలోమీటర్లు. మడమకు ఏం చేస్తే నడవగలదు?

గోపాలపట్నం ఫిజియో (రిటైర్డ్):
అమ్మా, మీరు మడమ గురించి అడిగారు. నన్ను కంగారు పెడుతున్నది ఆ నల్ల చుక్క. ముందు పట్టీ తీసేయండి. అందులో ఉండే శాలిసిలిక్ ఆమ్లం ఆనెకాయతో పాటు పక్కనున్న మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకు అది అసలు వాడకూడదు. బ్లేడుతో కోయవద్దు. నల్లగా కనిపించేది చాలాసార్లు లోపల చిమ్మిన రక్తం, దాని కింద పుండు ఉండవచ్చు. బొటనవేలు ఒరిగిపోతే అది మోయాల్సిన బరువు రెండో వేలి కిందికి వస్తుంది, అందుకే అక్కడ కాయ కట్టింది.
అక్కడ నొప్పి లేకపోవడం మంచి సంగతి కాదు, షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గి ఉండవచ్చు. ఒక పరీక్ష చేయండి. అమ్మను కళ్ళు మూసుకోమని, రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు కొసలను మీ చూపుడు వేలితో ఒకటి రెండు సెకన్లు తాకండి. నొక్కవద్దు, గీరవద్దు. ఆరింటిలో రెండు చోట్ల తెలియకపోయినా స్పర్శ తగ్గినట్టే.
మడమ నొప్పికి సాధారణంగా కారణం ఆ ముల్లు కాదు. నొప్పే లేని ఎందరికో ఎక్స్‌రేలో అది కనిపిస్తుంది. మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలిలో సాగే పట్టీలాంటి కణజాలం దెబ్బతినడమే అసలు సంగతి. పొద్దున దిగేముందు కాలు మోకాలి మీద వేసుకుని, వేళ్ళను చేత్తో వెనక్కి లాగి పది లెక్కపెట్టాలి, అలా పదిసార్లు. చాలామందికి ఏడాదిలోపు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. బొటనవేలు ఒరగడం తరచూ వంశపారంపర్యం. ఇరుకు బూట్లు దాన్ని పెంచుతాయి, అవి లేకపోయినా వస్తుంది.
ఇక నడక. ప్రదక్షిణ మొదలయ్యే తొలిపావంచ దగ్గర కొట్టిన కొబ్బరికాయల పెంకులు దారిలో ఎలా పడి ఉంటాయో చూసే ఉంటారు. స్పర్శ లేని కాలికి పెంకు గుచ్చుకుంటే, హనుమంతవాక దాటి అప్పుఘర్ చేరినా ఆవిడకు తెలియదు. వద్దనే చెబుతాను.

పెదవాల్తేరు అమ్మాయి:
మూడు చోట్ల తెలియలేదండీ. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆనెకాయ చెక్కి చూస్తే కింద చిన్న పుండు ఉంది. మానేదాకా ఆ పాదం మీద బరువు పడకూడదన్నారు. మొక్కు తప్పిందని అమ్మ ఒకటే ఏడుపు.

అడవివరం రాజ్యలక్ష్మి:
నడవలేనివాళ్ళు కొండ మీద గుడి చుట్టూ తిరిగి మొక్కు తీర్చుకోవడం మా ఊళ్ళో అందరికీ తెలిసిందే. కానీ పుండు మానేదాకా అదీ వద్దని చెప్పండి. ఈసారి మీరు అమ్మ పేరున నడవండి. అప్పన్న ఆవిడ మీద కోపగించుకోడు, ఆ భయం ముందు తీసేయండి.

కంచరపాలెం చెప్పుల పనివాడు:
పుండు మానాక ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) చెప్పులు చేయించండి. ముందు భాగం వెడల్పుగా, బొటనవేలి ఎముకకు రాపిడి తగలకుండా ఉండాలి. వేలి మధ్య దూర్చే పట్టీ వద్దు, మడమ వెనక పట్టీ తప్పనిసరి. సాయంత్రం కొలత ఇవ్వండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కొత్తవి మొదట్లో ఇంట్లోనే కాసేపు వేయించి, విప్పగానే పాదం చూడండి. ఎక్కడైనా ఎర్రబడితే వెనక్కి తీసుకెళ్ళి సరిచేయించుకోవాలి.