“ఎటుల మెప్పించెదో నన్ను”: శ్రీనాథుడి సీసం

ప్రశ్న: “దీనారటంకాల తీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల” అన్న పద్యాన్ని సభల్లో గొప్పలు చెప్పుకున్న పద్యంగానే చదువుతారు. శ్రీనాథుడు అంత డబ్బా కొట్టుకునే మనిషా?

జవాబు: డబ్బా అసలు లేదని నేననను. కానీ పై నాలుగు పాదాలు గొంతెత్తి చదివి, చప్పట్లు పడగానే ఆపేస్తారు చూడండి, చిక్కంతా అక్కడే. కింది ఎత్తుగీతి, అంటే సీసం చివర వచ్చే చిన్న పద్యం, ఇదీ:

ఎటుల మెప్పించెదో నన్ను నింక మీద
రావుసింగ మహీపాలు ధీవిశాలు
నిండుకొలువున నెలకొని యుండి నీవు
సరస సద్గుణ నికురంబ శారదాంబ

మాటంతా శారదాంబతోనండీ. బంగారు నాణేలతో స్నానం చేయించింది ఆవిడ, వాదంలో ఓడిన పండితుడు గౌడడిండిమభట్టు కంచుఢక్క పగలగొట్టించింది ఆవిడ. అవన్నీ వరసగా గుర్తుచేసి, “అమ్మా, ఈ సింగభూపాలుడి కొలువులో ఎలా గట్టెక్కిస్తావో” అంటున్నాడు. కనకాభిషేకమూ అయింది, సార్వభౌమ బిరుదూ వచ్చింది, అయినా కొత్త రాజు గుమ్మం ముందు టెన్షన్! ఆ రాజూ తక్కువవాడేం కాదు, ‘సర్వజ్ఞ’ బిరుదున్నవాడు. విజయనగరంలో జరిగిన సన్మానం ఇక్కడ చెల్లుతుందన్న భరోసా లేదు. నా లెక్కలో ఇది గర్వం పద్యం కాదు, బెదురు పద్యం.

ఇంకొకరి ప్రశ్న: మరి చివరి రోజుల సీసం, “కాశికా విశ్వేశు గలిసె వీరారెడ్డి”, దాని సంగతి? అక్కడ బెదురు లేదుగా?

జవాబు: లేదు. అప్పటి స్థితి ఇంకో సీసంలో ఉంది: బొడ్డుపల్లెలో గుత్తకు తీసుకున్న పొలాన్ని కృష్ణ ముంచేసింది. మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలు తినిపోయాయి. టంకాలు ఏడు నూర్లు ఎలా కట్టాలని ఏడుపు. మెడకి పొగడదండ. అంటే పూలదండ కాదండీ, బాకీ కట్టనివాడికి వేసే శిక్ష. మెచ్చి ఇచ్చిన ప్రభువులు ఒక్కొక్కరే పోయారు, మీరడిగిన సీసంలో వాళ్లనే తలుచుకుంటాడు. ఆ స్థితిలో అన్నమాట:

దివిజకవివరు గుండియల్ దిగ్గురనగ
నరుగుచున్నాడు శ్రీనాథు డమరపురికి

స్వర్గంలోని కవిశ్రేష్ఠుడి గుండె దిగ్గుమనేలా వెళ్తున్నాడట. ఎవర్నీ మెప్పించమని అడగలేదు, శారదాంబనైనా పిలవలేదు. చాలామంది దీన్ని ఆత్మవిశ్వాసం అంటారు. నాకు మాత్రం చిన్న అనుమానం. తన విలువకి కొలతగా ఇక్కడా ఇంకో కవి గుండెదడే కావలసివచ్చింది కదా? భూమ్మీద కొలువులు అయిపోతే స్వర్గంలో ఇంకొకటి వెతుక్కున్నాడు.

ఈ చాటువులు, అంటే జనం నోట నిలిచిన విడి పద్యాలు, నిజంగా ఆయనవేనా అన్నది వేరే చర్చ, దానికి విడిగా పోస్టు పెట్టండి.