అప్‌డేట్: ఫార్మలిన్ సీసా అడుగున తెల్లపొడి సంగతి

మొన్న అడిగా కదా, మా ల్యాబ్‌లో ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ వాయువు కరిగించిన నీళ్లు) సీసా అడుగున సున్నంలా తెల్లగా పేరుకుంది ఏంటని. మీరన్నదే కరెక్ట్, పారాఫార్మాల్డిహైడే, అంటే ఫార్మాల్డిహైడ్ అణువులు గొలుసుగా కలిసి గట్టిపడినది. లేబుల్ మీద ఫార్మాల్డిహైడ్ 37 శాతం అని ఉన్నా అందులో విడి ఫార్మాల్డిహైడ్ 0.1 శాతం లోపేనట, మిగతాదంతా నీళ్లతో కలిసి మిథిలీన్ గ్లైకాల్ అయిపోతుంది, అంటే ఒకే కార్బన్‌కి రెండు ఓహెచ్‌లు (ఆక్సిజన్-హైడ్రోజన్ జతలు), ఆ గ్లైకాల్ అణువులు నీళ్లు వదిలేస్తూ ఒకదానికొకటి గొలుసులా తగులుకుంటాయి, గొలుసు పొడుగైతే ఇక కరగదు, కిందకి దిగుతుంది. అలా అవ్వకుండా ఉండటానికే 10-15 శాతం మిథనాల్ కలిపేది. మావాడెవడో పాడవకూడదని తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాడు, చల్లదనానికే ఇంకా త్వరగా పేరుకుందన్నమాట! ఫ్యూమ్ హుడ్‌లో (ఘాటు ఆవిర్లని బయటికి లాగేసే అరలో) వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచితే సగం కరిగింది, మిగతాది మొండికేసింది, సార్ కొత్తది తెప్పిస్తానన్నారు.