వృషణాలు తీసేశాక కూడా పీఎస్ఏ పెరుగుతోంది, ఎలా?

తెనాలి అబ్బాయి:
మా నాన్నగారికి 71 ఏళ్లు. రెండేళ్ల క్రితం ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది, అప్పటికే వెన్నెముకకి పాకింది, పీఎస్ఏ (ఈ క్యాన్సర్ జోరు చూసే రక్తపరీక్ష) 186. హార్మోన్ ఆపడానికి మూడు నెలలకోసారి ఇంజెక్షన్ అంటే ఖర్చూ, తిరగడమూ అని ఆయనే ఆపరేషన్‌కి ఒప్పుకుని వృషణాలు తీయించుకున్నారు. దాంతోపాటు హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర బైకాలుటమైడ్ 50 రోజుకొకటి. ఆరు నెలల్లో 0.4కి దిగింది, మనిషి మళ్లీ సైకిలెక్కారు. ఇప్పుడు చూస్తే 0.9, తర్వాత 2.3, మొన్న 5.1. ఈ క్యాన్సర్‌ని పెంచే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ మాత్రం 14 దగ్గరే, అడుగునే ఉంది. డాక్టరుగారు చీటీ మీద ‘క్యాస్ట్రేషన్ రెసిస్టెంట్’ (వృషణాల హార్మోన్ ఆపినా లొంగనిది) అని రాసి, అబిరాటెరోన్ మొదలుపెడదాం అని మూడు నిమిషాల్లో పంపించేశారు.

నాకు అర్థం కానిది ఒకటే. హార్మోన్ తయారయ్యే చోటే తీసేశాం కదా, మరి ఇది దేన్ని తిని పెరుగుతోంది? హార్మోన్‌తో పనే లేకుండా పోతే మళ్లీ హార్మోన్‌ని ఆపే మందే ఎందుకు రాశారు? నాన్నగారేమో మేనకోడలి పెళ్లిలో రెండు రోజులు మాంసం తిన్నందుకే తిరగబెట్టిందని కుమిలిపోతున్నారు.

ల్యాబ్ కోటు:
ముందు ఆ పెళ్లి సంగతి తేల్చేద్దాం. రెండు రోజుల భోజనానికి రెసిస్టెన్స్ రాదండి, ఆయనకి గట్టిగా చెప్పండి.

ఇక మీ ప్రశ్న. చాలామంది అనుకున్నట్టు క్యాన్సర్ హార్మోన్‌ని వదిలేయలేదు, ఉన్న కొంచెంతోనే బతకడం నేర్చుకుంది. పొలం లెక్కన చెప్తాను. వృషణాలు పెద్ద కాలువ, దాన్ని కట్టేశారు. కానీ కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి ఊట నీరు వస్తూనే ఉంటుంది. పైగా క్యాన్సర్ కణం ఆ ముడిసరుకుని తీసుకుని తనలోనే టెస్టోస్టెరాన్, దాన్నించి ఇంకా బలమైన డీహెచ్‌టీ తయారుచేసుకుంటుంది, అంటే పొలంలోనే సొంత బోరు వేసుకుందన్నమాట. మీ రక్తపరీక్షలో 14 అన్నది కాలువలో నీరు, గడ్డ లోపలి బోరు లెక్క అందులో రాదు.

రెండోది, హార్మోన్‌ని పట్టుకునే ఆండ్రోజెన్ రిసెప్టర్ అనే ప్రొటీన్. దాని జన్యువు ఒక కాపీ ఉండాల్సింది చాలా కాపీలవుతుంది, దాంతో బొట్టు నీరున్నా లాగేస్తుంది. కొన్నిసార్లు రిసెప్టర్ ఆకారమే మారి, తనని ఆపాల్సిన మందునే హార్మోన్ అనుకుని పని మొదలుపెడుతుంది. అన్నిటికన్నా మొండిది ఏఆర్-వీ7 అనే రిసెప్టర్ రకం. స్టార్టర్ పీకేసి వైర్లు డైరెక్టుగా కలిపి మోటారు నడుపుతారు చూడండి, అలాంటిది. హార్మోన్ అతుక్కునే భాగమే దానికి ఉండదు, అయినా ఎప్పుడూ ఆన్‌లోనే. అది ఉన్నవాళ్లలో అబిరాటెరోన్, రిసెప్టర్‌ని అడ్డుకునే ఎంజాలుటమైడ్ అంతగా పనిచేయవని 2014లో తేలింది.

అబిరాటెరోన్ ఎందుకంటే, అది సీవైపీ17 అనే ఎంజైమ్‌ని ఆపుతుంది, కాబట్టి ఊటా బోరూ రెండూ మూసుకుంటాయి. అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. 1941లో హగ్గిన్స్, హాడ్జెస్ అనే ఇద్దరు డాక్టర్లు వృషణాలు తీసేస్తే ఈ క్యాన్సర్ తగ్గుతుందని చూపించారు, హగ్గిన్స్‌కి 1966లో నోబెల్ కూడా వచ్చింది. అయినా ‘రెసిస్టెంట్’ అయ్యాక కూడా హార్మోనే నడిపిస్తోందని ఖాయం కావడానికి ఈ మందు దాకా ఆగాల్సి వచ్చింది.

పాత ఫైలు:
ల్యాబ్ కోటు గారు ఒక ముక్క చెప్పి వదిలేశారు. మందునే హార్మోన్ అనుకుంటుంది అన్నారే, తమ్ముడూ, మీ నాన్నగారు బైకాలుటమైడ్ ఇంకా వేసుకుంటున్నారా? కొందరిలో ఆ మాత్ర ఆపగానే పీఎస్ఏ దానంతటదే కొంత దిగుతుంది. అదే కోవకి చెందిన ఫ్లూటమైడ్ మాత్ర విషయంలో 1993లోనే ఇది రాశారు. మీ అంతట మీరు ఆపకండి, కానీ ఈసారి వెళ్లినప్పుడు అడిగేది మాత్రం ఇదే. ఇది చదివేవాళ్లలో ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లు, రెసిస్టెంట్ అన్నారని ఇంజెక్షన్ మానేయకండి, కాలువ గండి తెరిచినట్టే.

శ్రీకాకుళం కోడలు:
మా మామగారికి అబిరాటెరోన్ ఏడాదిన్నర వాడాం. నాకు సైన్స్ తెలీదు కానీ వంటింటి సంగతి తెలుసు. 250వి నాలుగు మాత్రలు, ఖాళీ కడుపుతో. తినడానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత. మా అత్తయ్య ‘ఇంత పెద్ద మాత్రలు ఉత్త కడుపునా’ అని వారం రోజులు ముందు రెండు ఇడ్లీలు పెట్టేసింది, డాక్టరమ్మ చేత చీవాట్లు తిన్నాం. తిండితో వేస్తే మందు ఒంట్లోకి లెక్కకి మించి వెళ్తుందట. మేము తెల్లవారుజామున అయిదింటికి అలారం పెట్టుకునేవాళ్లం. దాంతోపాటు ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసలోన్ మాత్రం టిఫిన్ తర్వాత, అది మానకూడదు. బీపీ, పొటాషియం, కాళ్ల వాపు చూసుకుంటూ ఉండండి.

ఇంకొకటి, పీఎస్ఏ ఒక్కటే చూసి కూర్చోకండి. చివర్లో మామగారికి పీఎస్ఏ 2 కూడా లేదు, స్కాన్‌లో లివర్ నిండా మచ్చలు. బయాప్సీ చేస్తే న్యూరోఎండోక్రైన్‌గా మారింది అన్నారు.

ల్యాబ్ కోటు:
అవునండి, అది ఇంకో దారి. కణం ప్రోస్టేట్ కణంలా ఉండటమే మానేస్తుంది, పీఎస్ఏ కూడా సరిగా తయారుచేయదు. అందరికీ రాదు, కొద్దిమందికే. అబ్బాయిగారూ, బీఆర్‌సీఏ అనే జన్యువుల పరీక్ష గురించి కూడా అడగండి, అందులో లోపం ఉంటే ఒలాపరిబ్ అనే మరో మందుకి దారి ఉంది. మీ అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్లకీ కూడా ఆ రిపోర్టు పనికొస్తుంది.

తెనాలి అబ్బాయి:
ఇప్పుడే మందుల డబ్బా తీసి చూశాను, బైకాలుటమైడ్ స్ట్రిప్‌లో నాలుగు మిగిలున్నాయి, నిన్న రాత్రి కూడా వేసుకున్నారు. కొత్త చీటీలో అది కొట్టేసీ లేదు, రాసీ లేదు. సోమవారం అపాయింట్‌మెంట్ పెట్టించాను. కాలువ, బోరు అనగానే నాన్నగారు ‘ఓహో, అట్లాగా’ అన్నారు, పెళ్లి మాట మళ్లీ ఎత్తలేదు.