లవేజ్ విత్తనాలు మొలకెత్తడం లేదు

ప్రశ్న: పాత ప్యాకెట్‌లోని లవేజ్ (సెలరీ లాంటి వాసన ఉండే ఆకు మొక్క) విత్తనాలు ఎన్నిసార్లు చల్లినా మొలవడం లేదు. ఎంత లోతులో వేయాలి? కుండీలో పెరుగుతుందా?

జవాబు 1: ముందు ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయండి. కొత్తిమీర కుటుంబానికి చెందిన ఈ లవేజ్ విత్తనానికి ఆయుష్షు తక్కువ, ఏడాది దాటితే మొలక శాతం బాగా పడిపోతుంది. తాజా విత్తనం తెచ్చి, సన్నటి మట్టిలో అర సెంటీమీటరు లోతున వేయండి. 15–20 డిగ్రీల వేడి ఉంటే రెండు మూడు వారాల్లో మొలుస్తుంది. మట్టి తడిగా ఉండాలి, కానీ నీళ్లు నిలవకూడదు. నిలిస్తే నారుకుళ్లు తెగులు పట్టి మొలక మొదట్లోనే వాలిపోతుంది.

జవాబు 2: కుండీ విషయం. దీని తల్లివేరు లోతుగా దిగుతుంది, అందుకే నారు చిన్నగా ఉన్నప్పుడే, వేరు కదలకుండా మార్చాలి. కుండీ లోతు కనీసం 40 సెంటీమీటర్లు ఉండాలి. నేలలో అయితే మొక్కకూ మొక్కకూ 60 సెంటీమీటర్లు వదలండి, రెండు మీటర్ల ఎత్తు పెరిగే మొక్క ఇది. ఇంటికి ఒక్కటి చాలు, నిజంగా.

జవాబు 3: ఒకటి కలుపుతాను. మొదటి ఏడాది ఆకులు పొదుపుగా కోయండి, వేరు బలపడాలి. పూకాడ కనిపించగానే తుంచేయండి, లేకపోతే ఆకు చేదెక్కుతుంది. ఆకు మీద లేతరంగు వంకర గీతలు, తర్వాత గోధుమరంగు మచ్చలు వస్తే అది ఆకు తొలిచే పురుగు. మందు కొట్టకండి, తినే ఆకు కదా. ఆ ఆకులు తెంపి దూరంగా పారేయండి. చలికాలంలో పైభాగం ఎండిపోతే చచ్చిందనుకుని పీకేయకండి, వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది.